మెత్తని మాట

నల్లకోటు భుజాల మీది దుమ్మును తడిగుడ్డతో తుడుచుకుంటూ ఏకాంబరం మూడు ఇంగ్లీషు మాటలు గొణుక్కుంటున్నాడు. పుష్, షవ్, హర్ల్. తెలుగులో మూడింటికీ ‘తోసినాడు’ అంటే సరిపోతుంది. చిత్తూరు సెషన్సు కోర్టులో తెలుగు రాని జడ్జి దొరకు సాక్షుల మాటలు ఇంగ్లీషులో చెప్పడం ఆయన ఉద్యోగం. ఈరోజు ఊరికే నెట్టాడనే మొదటి మాట చెబితే జైలు, బలంకొద్దీ విసిరేశాడనే చివరిది చెబితే ఉరి.

నీళ్ల వంతు తగవులో ఓబయ్య తన దాయాదిని బావిలోకి తోశాడు, ఆ మనిషి చచ్చిపోయాడు. చూసింది ఓబయ్య తల్లి గంగులమ్మ ఒక్కతే.

భార్య ఉన్నన్నాళ్లూ కోటు ఆవిడే దులిపి, భుజం మీద ఓసారి తట్టి పంపేది. ఆవిడ పోయాక ఆ భుజాన్ని తాకినవాళ్లు లేరు.

కోర్టు మెట్లెక్కుతుంటే ఎడమచెయ్యి లాగింది.

“ఏం సామీ, మాటలు మోసేదానికే ఇంత చెమటా?” అన్నాడు జవాను మునిరామయ్య.

గంగులమ్మ బోనెక్కింది. కుడి పిడికిట్లో కాణిపాకం విభూతి. అది పట్టుకుని ఆ సీమలో ఎవరూ అబద్ధమాడరు.

“మావోడు తోసినాడు సామీ.”

“ఎట్ల తోసినాడో నా మింద సూపించు తల్లీ.”

మాట తేలనప్పుడు సాక్షి చేత చేయించి చూడటం ఆయన అలవాటు. కన్నతల్లి కదా, తాకీ తాకనట్టు తోస్తుందనుకున్నాడు. గంగులమ్మ కళ్లు మూసుకుంది. పిడికిలి విప్పి బలమంతా పెట్టి తోసింది. ఏకాంబరం వెనక్కి తూలి బల్లకు కొట్టుకున్నాడు. సిరాబుడ్డి ఒరిగింది.

నిలదొక్కుకుని, “పుష్” అన్నాడు.

“నువ్వు పడబోయావు కదా?” అని ఇంగ్లీషులో అడిగాడు దొర.

“ముసలివాణ్ణి, దొరా.”

దొర కాగితం మీద కలం కదిలింది. దొర రాసిన మాట ఏకాంబరం నిలబడ్డచోటికి కనిపించింది, హర్ల్.

వరండాలో గంగులమ్మ ఆయన్ని పట్టుకుంది. “నిజమే సూపించినా సామీ. ఇంకేం జేసేది? దొరకి నువ్వేమని జెప్పినావు?”

“మెత్తని మాటే చెప్పినాను తల్లీ.”

“ఆ మాట సాలు నాయనా.” కోటుకంటిన విభూతి చూసి పైటకొంగుతో తుడవబోయింది.

“ఉండనీలే” అన్నాడు.

ఆమె కొడుకును తీసుకెళుతున్న పోలీసుల వెంట నడిచింది. ఏకాంబరం ఉక్కపోస్తోందని కోటు విప్పి మేకుకు తగిలించి, బెంచీ మీద గోడకానుకుని కళ్లు మూసుకున్నాడు.

సాయంత్రం తలుపులు వేస్తూ మునిరామయ్య పిలిచాడు. భుజం పట్టి కదిపాడు. తర్వాత తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు.

మేకుకు కోటు వేలాడుతోంది. దాని భుజం మీద అయిదు వేళ్లూ తెల్లగా, తేటగా ఉన్నాయి.