ఒకటిన్నర శ్రుతి

నా గొడవంతా అన్నయ్యతోనే. తర్వాత మనసు మెత్తబడి మాట మార్చకుండా ముందే చెప్పేస్తున్నాను. అమ్మ పోయి పదిహేను రోజులైనా కాలేదు, పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి "ఫ్లాస్కు ఎక్కడ పెట్టేది అమ్మ?" అని అడిగాడు. వెతికి ఇచ్చాను. అదే నేను చేసిన తప్పు. మర్నాటి నుంచి అందులో వేడినీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి, ఆయనగారి సాధన గది బయట పెట్టడం నా పని అయిపోయింది. ఎవరూ చెప్పలేదు. ఇలాంటివి ఎవరూ చెప్పరు. ఒకరోజు చేస్తే చాలు, మనం పుట్టినప్పటి నుంచీ చేస్తున్నట్టే ఉంటుంది అందరికీ.

అన్నయ్య గాయకుడు. నాన్న కూడా గాయకుడే. గొంతు చెడ్డాక ఇంట్లో పాఠాలు చెప్పుకుంటున్నాడు. అమ్మ మొదట నాన్న పక్కన, తర్వాత అన్నయ్య పక్కన వయొలిన్ వాయించింది. మొత్తం ఇరవై ఎనిమిదేళ్లు. పక్కవాద్యం అంటే పాడేవాడి వెనకాల అరశ్వాస ఆలస్యంగా నడవడం. ఆయన ఎక్కడ ఆగుతాడో మనకు ముందే తెలియాలి, తెలిసినట్టు మాత్రం కనబడకూడదు. "మా ఆవిడ ఉందా లేదా అన్నట్టు వాయిస్తుంది" అని నాన్న నలుగురిలో పొగిడేవాడు. అది పొగడ్తే అని నేనూ చాలా ఏళ్లు అనుకున్నాను.

ఆస్పత్రికి వెళ్లిన రోజు సాయంత్రం కూడా అమ్మ అన్నయ్య సాధన కోసం వయొలిన్ శ్రుతి చేసింది. ఒకటిన్నర. అది అన్నయ్య శ్రుతి, మగగొంతుకి సరిపోయే కిందిస్థాయి. తీగలు తుడిచి పెట్టెలో పెట్టి, "ఇప్పుడే వస్తా, కాస్త ఆయాసంగా ఉంది, చూపించుకుని" అంది. పెట్టె మళ్లీ నేనే తెరిచాను, అమ్మ చోట అన్నయ్య పక్కన కూర్చోవడానికి. అప్పటి నుంచి ఏడాది దాటినా తీగలు బిగించే బిరడాలు ముట్టుకోలేదు. ఆ నాలుగు చెక్క బిరడాలని చివరిసారి తిప్పింది అమ్మ వేళ్లు. వాటిని నేను తిప్పితే, అమ్మ చేసిన ఆఖరి పని చెరిగిపోతుంది. తీగ దిగితే కింద తోక దగ్గరున్న చిన్న మరలతో సర్దుకునేదాన్ని. తీగలకి తుప్పు పట్టింది. కొత్తవి వేయాలంటే బిరడా తిప్పాలి కాబట్టి వేయలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చిదనేవారు, లేదా అయ్యో పాపం అనేవారు. రెండూ నాకు పడవు.

కాలేజీలో నాది ఆఖరి సంవత్సరం. పొద్దున వంట చేసి, రెండు బస్సులు మారి వెళ్లేదాన్ని. అక్కడా ఇదే బతుకు. "అక్కా, ఒక్క అరగంట, ఈ పాటకి పక్కన కూర్చో" అని గాత్రం వాళ్లు వరసకట్టేవారు. అబ్బాయిలకి కూర్చునేదాన్ని. అమ్మాయిల శ్రుతి ఐదో ఐదున్నరో ఉంటుంది, వాళ్లకి వాయించాలంటే బిరడాలు తిప్పాలి. తలనొప్పి అనేదాన్ని, బస్సు టైమైంది అనేదాన్ని. అది వాళ్లకి ఇంకోలా అర్థమైంది. ఒకరోజు నీళ్ల కుళాయి దగ్గర, నాకు వినబడేలాగే, "మగవాళ్ల వయొలిన్ వస్తోంది, జరగండే" అంది ఒకమ్మాయి. మిగతావాళ్లు కిసుక్కుమన్నారు. నేను సీసా నింపుకుని వచ్చేశాను. ఆ రోజుల్లో నాకు ఎక్కడా కుదురు లేదు. తరగతిలో కూర్చుంటే మెట్ల మీదకి వెళ్లాలనిపించేది, మెట్ల మీద కూర్చుంటే ఇంటికి. ఇంటికెళ్తే గిన్నెలు తోముతూ తోముతూ, తోమినవే మళ్లీ తోమేదాన్ని.

ఆ మెట్ల మీదే సుత్తి పరిచయమయ్యాడు. తబలా విద్యార్థి. ఎప్పుడు చూసినా చొక్కా జేబులో చిన్న సుత్తి, దాంతో తబలా అంచు మీద టకటక కొట్టుకుంటూ శ్రుతి చేస్తుంటాడు. అందుకని ఆ పేరు. మాటకారి కూడా కాబట్టి పేరు రెండు విధాలా కుదిరింది అని తనే చెప్పుకునేవాడు. ఆరేళ్లు సైకిల్ దుకాణంలో పనిచేసి, ఆలస్యంగా చదువుకి వచ్చినవాడు. గోళ్ల సందుల్లో ఆ నలుపు ఇంకా పోలేదు.

"కింది మరలే తిప్పుతున్నారు, బిరడాలు బిగుసుకున్నాయాండీ? సుద్దముక్క రాస్తే వదులవుతాయి" అన్నాడు మొదటిరోజే.

"మిమ్మల్ని అడిగానా?"

"లేదు. అడక్కుండా చెప్పడం నాకో జబ్బు. మందు లేదట."

నవ్వు రాలేదు నాకు. కానీ మర్నాడు అతను అక్కడ లేకపోతే, మెట్లు మరీ ఖాళీగా ఉన్నాయనిపించింది. అది నాకే చిరాకు తెప్పించింది.

నెల తర్వాత అతనికి చెప్పాను బిరడాల సంగతి. ఎందుకు చెప్పానో తెలియదు, వాన వల్ల బస్సు రాలేదు, అంతే. అతను పిచ్చి అనలేదు, పాపం అనలేదు. చేతిలో సుత్తి తిప్పుకుంటూ విన్నాడు. మర్నాడు ఒక పెద్ద మూతి తబలా సంచిలో వేసుకుని, చెమటలు కక్కుతూ వచ్చాడు. మామూలుగా అతని దగ్గర ఉండేది చిన్నది, పైశ్రుతికి పలికేది.

"ఇదెందుకు?"

"మీ శ్రుతికి చిన్నది దిగదండీ. పాత సైకిల్ దుకాణం యజమాని అటక మీద ఉంటే అడిగి తెచ్చా. రెండు బస్సుల్లో నిలబడి చంకలో బిడ్డలా మోసుకొచ్చాను. ఒక ముసలావిడ లేచి సీటు కూడా ఇచ్చింది."

ఈసారి నవ్వాను. అమ్మ పోయాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. నవ్వి, తప్పు చేసినట్టు చుట్టూ చూశాను.

ఆ తర్వాత రోజూ ఒక గంట ఇద్దరం కలిసి వాయించేవాళ్లం. అండీలు ఎప్పుడు పోయాయో గమనించలేదు. టీ ఒకే గ్లాసులో పంచుకున్న రోజున అనుకుంటా. అతని మోకాలు నా మోకాలికి తగిలితే నేను జరిగేదాన్ని కాదు. జరగనందుకు ఇంటికెళ్లాక నన్ను నేను తిట్టుకునేదాన్ని. తల్లి పోయినదానికి ఈ వేషాలేమిటి అని. ఆ గొంతు అచ్చం మా మేనత్తదే. ఆవిడ ఊళ్లో కూడా లేదు, అయినా నా బుర్రలో ఒక గది అద్దెకి తీసుకుంది.

ఒకరోజు వాయిస్తూ వాయిస్తూ సుత్తి ఆపాడు. "ఎవరి కోసం ఆగుతున్నావు?"

"ఆగానా?"

"ప్రతి వరస చివరా ఆగుతున్నావు. ఇక్కడ పాడేవాళ్లు ఎవరూ లేరు కదా."

అన్నయ్య ఊపిరి తీసుకునే చోట్లు అవి. ఒంటరిగా వాయించినా వాడి ఊపిరికి చోటు వదులుతున్నాను. నాకు తెలియనే తెలియదు.

"ఈ ఒకటిన్నర మీ అన్నయ్యది. మరి నీ శ్రుతి ఏది?" అన్నాడు.

"నేను పాడను కదా."

"పాడకపోతే గొంతు లేదా? కూనిరాగం తీస్తావు కదా, ఏ పనిలోనో."

పన్నెండో ఏట నుంచి వయొలిన్ పడుతున్నాను. నా శ్రుతి ఏదని గురువులు అడగలేదు, నాన్న అడగలేదు, అమ్మ కూడా అడగలేదు. కోపంగా వయొలిన్ సర్దుకుని వెళ్లిపోయాను. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు నేనే వెళ్లి పక్కన కూర్చున్నాను.

ఇంతలో పరీక్ష తేదీ వేశారు. ఆఖరి పరీక్ష. నలభై నిమిషాలు వేదిక మీద ఒక్కరే, పక్కన తబలా మాత్రమే. అది తప్పితే పట్టా లేదు. పట్టా లేకపోతే ఏ బళ్లోనూ సంగీతం టీచరు ఉద్యోగం రాదు. అదే రోజు అన్నయ్యకి పొరుగూళ్లో పెద్ద కచేరీ.

భోజనాల దగ్గర చెప్పాను. అన్నయ్య తలెత్తకుండా, "పరీక్ష మళ్లీ ఏడాది రాసుకోవచ్చు. ఈ సభ మళ్లీ రాదు" అన్నాడు.

"ఇంకొకరిని చూసుకో అన్నయ్యా."

"కొత్తవాళ్లకి నా పాట ఏం తెలుస్తుంది? అమ్మ ఉంటే నాకీ తిప్పలు ఉండేవా?"

అమ్మని అలా వాడేస్తాడు వాడు, తలుపుకి అడ్డం పెట్టే రాయిలాగా. అప్పుడు నాన్న అన్నాడు, నన్ను సముదాయిద్దామనే అనుకుంటా. "దీనికింత రాద్ధాంతం ఎందుకమ్మా? మీ అమ్మ కూడా అంతే. అదే కాలేజీ, అదే ఆఖరి పరీక్ష. ఆ రోజు నాకు కచేరీ పడింది, మానేసింది. ఏం, చచ్చిపోయిందా?"

అన్నాక ఆయనకి వినబడింది ఆ మాట. ముద్ద చేతిలో ఆగింది. అన్నయ్య నా వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. తర్వాత ముద్ద నోట్లోకి వెళ్లింది. "నీళ్లు పొయ్యమ్మా" అన్నాడు నాన్న.

పోశాను. పోస్తూ లెక్క వేసుకున్నాను. అమ్మ కాలేజీలో చదివిందని నాకు తెలియదు. ఇరవై రెండేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆవిడ నా జడ వేసింది, నా చేతిలో వయొలిన్ కమాను పెట్టింది, ఈ ఒక్క మాట చెప్పలేదు. చెప్పేంత పెద్ద విషయం కాదనుకుందేమో. లేక చెబితే నేను కమాను కింద పెట్టేస్తానని భయపడిందేమో. ఏదైనా గానీ, ఆ ఒకటిన్నర అమ్మది కాదు. అమ్మ కూడా దాన్ని మోసింది, నాలాగే. ఏడాదిగా అమ్మ ఆఖరి పని అని నేను దాచుకున్నది, అమ్మ చేసిన చాకిరీ.

మర్నాడు మెట్ల మీద సుత్తికి జరిగింది చెప్పాను. అతని ముఖం ఎర్రబడింది. "నేనొచ్చి మీ అన్నయ్యతో మాట్లాడనా?"

"నాకు నోరు లేదా?"

"ఉంది. రోజూ తింటున్నానుగా తిట్లు."

"మరి కూర్చో. శ్రుతి పెట్టె తియ్యి."

కళ్లు మూసుకుని కూనిరాగం తీయబోయాను. మొదట గాలే వచ్చింది. రెండోసారి గొంతు జీరపోయింది. అతను శ్రుతి పెట్టె మీద ఒక్కొక్క మెట్టూ పైకి జరుపుతున్నాడు. రెండున్నర, మూడు, నాలుగు. నాలుగు దగ్గర గొంతు కుదురుకుంది. అక్కడ నిలబడటానికి ఏ కష్టమూ లేదు, మన మంచం మీద మనం పడుకున్నట్టు.

వయొలిన్ తీసి బిరడా పట్టుకున్నాను. ఏడాదిగా ఏదో కొండ అనుకున్నాను. సుద్దముక్క కూడా అక్కర్లేకుండా తిరిగింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇంత సులువైనదానికా ఇన్నాళ్లూ? పైకి లాగుతుంటే తుప్పు పట్టిన తీగ ఫట్‌మని తెగి వేలు కోసింది. సుత్తి జేబురుమాలు చింపి కట్టాడు. కట్టాక చెయ్యి వదల్లేదు. నేనూ తీసుకోలేదు. మేనత్త ఏదో అనబోయింది గానీ, ఆ గది ఖాళీ చేయించాను. మధ్యాహ్నం ఇద్దరం వెళ్లి కొత్త తీగలు కొని వేశాం.

"నాలుగుకి నా పెద్ద తబలా పనికిరాదు" అన్నాడు దిగులు నటిస్తూ. "మళ్లీ ఆ ముసలావిడ సీటు ఇవ్వదు."

సాయంత్రం ఇంట్లో అన్నయ్య సాధనకి కూర్చున్నాడు. శ్రుతి పెట్టె ఒకటిన్నరలో పెట్టి, కళ్లు మూసుకుని, చేత్తో నాకు సైగ చేశాడు. నేను కమానుతో తీగ మీద ఒక్కసారి లాగాను. రెండు శ్రుతులు గదిలో కొట్టుకున్నాయి. వాడు ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు.

"శ్రుతి చేసుకో."

"చేసుకునే వచ్చాను. నాలుగు. ఇందులో పాడగలిగితే పాడు, పక్కన వాయిస్తాను."

"మతి పోయిందా? మగవాణ్ని, నాలుగులో ఎలా పాడతాను?"

"నేను ఒకటిన్నరలో పదకొండేళ్లు వాయించాను."

శ్రుతి పెట్టె ఆపేశాడు. కాసేపు నన్ను, నా వేలి కట్టునీ మార్చి మార్చి చూశాడు. "ఎవడు చెప్పాడు నీకు ఇవన్నీ?"

"చెప్పలేదు అన్నయ్యా. అడిగాడు."

వాడికి అర్థమైందో లేదో తెలియదు. లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "మరి కచేరీకి వయొలిన్ ఎవరు?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలియక, చిన్నపిల్లాడిలా. ఎప్పటిలాగే నా నోట్లో జవాబు సిద్ధంగా ఉంది. ఫలానావాళ్లున్నారు, నేను మాట్లాడి పెడతాను, నీ పాటలన్నీ వాళ్లకి నేనే చెప్పి తీసుకొస్తాను. నాలిక చివరిదాకా వచ్చిన ఆ మాటని మింగేశాను. అది నేను వెతికిపెట్టాల్సింది కాదు.

వాడు ఇంకా గుమ్మంలోనే ఉండగా కమాను ఎత్తాను. కొత్త తీగలు, కొత్త శ్రుతి. వేళ్లకి చోట్లు తెలియలేదు, మొదటి స్వరమే తప్పు పడింది. ఆపి, మొదటి నుంచి మళ్లీ ఎత్తుకున్నాను.