కంటికి కనబడే మాటలు

సంగీత పంపిన లింకు పొద్దుటి నుంచీ ఫోన్‌లోనే ఉంది. తెరవడానికి మాధవికి తీరిక దొరకలేదు. సిరిసిల్ల పాత బస్టాండు దగ్గరి డీటీపీ షాపులో ఆమె టైపింగ్ చేస్తుంది. పెళ్లిళ్ల రోజులు కావడంతో పత్రికల్లో పేర్లు దిద్దీ దిద్దీ కళ్లు మండుతున్నాయి. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నది. హైదరాబాద్ కంపెనీ ఏదో తన యాప్‌లో వారం వారం వదులుతున్న ఆడియో కథ అది. అడవిలో ఒక తెగ, ఆ తెగకు ఒక రాణి, రాణికో చిన్న కూతురు. నాలుగైదు నిమిషాలయ్యాక రాణి కూతుర్ని పిలిచింది.

"వాశీ. లూమా తావీ."

రా, అన్నం తిను.

మాధవి చేతిలోని ముద్ద తిరిగి డబ్బాలో పడింది. ఆ మాటలు తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. ఒకరు తను, ఇంకొకరు తల్లి బాలవ్వ. కథ చివర పేర్లు చదివారు. భాషా సృష్టి విశ్వజిత్ అన్నారు. తెలిసిన మనిషి ఇంకొకడు కూడా ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చింది.

భాషలు తయారు చేయడం మాధవికి ఎనిమిదో తరగతి నుంచి అలవాటు. మొదట అందరు పిల్లల్లాగే మాట మధ్యలో 'క' చేర్చి మాట్లాడే కభాషతో మొదలైంది. అది రెండు రోజుల్లో క్లాసంతా పట్టేసింది. దాంతో ఎవరూ పట్టలేనిది కావాలనిపించి, తనే శబ్దాలు ఎంచుకుని, నియమాలు పెట్టుకుని, మాటలు పుట్టించింది. ఒక భాషలో అన్నీ ముక్కుతో పలికే శబ్దాలే. ఇంకోదానిలో క్రియలు లేవు. దాంట్లో ఏమీ జరిగేది కాదు కాబట్టి విసుగొచ్చి వదిలేసింది.

నాలుగోది మాత్రం ఆటకు చేయలేదు. బాలవ్వ ఇరవై రెండేళ్లు సాంచాల కార్ఖానాలో నూలు కండెలు చుట్టింది. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలంటారు. ఆ చప్పుడు ఆమె చెవులను కొంచెం కొంచెంగా తినేసింది. భర్త రాజం పోయిన ఏడాదికి పూర్తిగా వినబడటం మానేసింది. చెవికి మిషను పెట్టిస్తే తల పగిలిపోతోందని తీసి డబ్బాలో పెట్టింది. కార్ఖానాలో పెదాలు చూసి మాట పోల్చుకోవడం ఆమెకు అలవాటే. కానీ తెలుగు పెదాల మీద సగమే కనబడుతుంది. పాట అన్నా, బాట అన్నా, మాట అన్నా పెదాలు ఒకేలా కలుస్తాయి. క, గ, హ గొంతులోనే ఉండిపోతాయి. తల్లి ఒకటి అడిగితే కూతురు ఒకటి చెప్పడం, ఇద్దరూ విసుక్కోవడం, చివరికి ఇద్దరూ మాట్లాడటం మానేయడం రోజూ జరిగేది.

అందుకని మాధవి అద్దం ముందు కూర్చుని, ఒక్కో శబ్దాన్నీ గొంతు లేకుండా పలికి చూసుకుంది. కంటికి తేడా తెలిసేవే ఉంచింది. పెదాలు కలిసేవాటిలో ఒక్క 'మ'. పై పళ్లు కింది పెదవిని తాకే 'వ'. నాలుక కొస కనబడే 'త', 'ల'. మూతి ముందుకొచ్చే 'శ'. అచ్చులు మూడే. శబ్దాలు తక్కువైతే మాటలు పొడుగవుతాయి, అయినా రోజూ వాడేవాటిని పొట్టిగా ఉంచింది. ప్రశ్నకు మాట లేదు. కనుబొమలు ఎత్తితే అది ప్రశ్న. నోట్‌బుక్‌లో అలాంటి వాక్యం మీద చిన్న వంపు గీత గీసేది. ఆరు నెలల్లో బాలవ్వ ఆ భాషలో కూర గురించి దెబ్బలాడేంత నేర్చుకుంది. ఇంట్లో మళ్లీ మాటలు మొదలయ్యాయి.

ఆ రోజుల్లోనే మాధవి కోరుట్లలో డిగ్రీ చదివేది. విశ్వజిత్ అక్కడ ఇంగ్లీష్ లెక్చరర్. కథలు రాస్తాడు, పిల్లలతో కలుపుగోలుగా ఉంటాడు. ఒకరోజు ఆమె బెంచీ మీద నోట్‌బుక్ చూసి, "ఏంది మాధవీ గిది?" అని అడిగాడు. తన పిచ్చిని ఒక పెద్దమనిషి అడిగి తెలుసుకోవడం ఆమెకు అదే మొదటిసారి. మాటల పట్టికలు చూపించింది. తల్లి సంగతి చెప్పబోయేలోపు బెల్లు కొట్టింది. ఆయన నోట్‌బుక్ తీసుకుని, నాలుగు రోజులకు తెచ్చిచ్చాడు. "మస్తుంది. ఇడ్సిపెట్టకు," అన్నాడు.

ఆ మాటను మాధవి మూడేళ్లు దాచుకుంది.

సంగీత ఆమెతో కోరుట్లలో చదువుకుంది, ఇప్పుడు జగిత్యాలలో ఉంటోంది. ఆ సాయంత్రం ఫోన్ చేసింది.

"కంపెనోళ్లకు మెయిల్ పెట్టు. నోట్‌బుక్ ఫొటోలు పంపు. అయిపోతది."

"పెడితె లోపల్లోపల మాట్లాడుకుంటరు. సారు సారీ అంటడు. నాకు సారీ వద్దు సంగీతా. నలుగుట్ల గాయిన మొకం ఎట్లైతదో చూడాలె."

"అయితె పన్నెండు రోజులు ఆగు. ఈడ గాయినకు సన్మానమట. ఫంక్షన్ హాల్ల. ఊరంత ఫ్లెక్సీలు పెట్టిండ్రు."

మాధవి ఆ పన్నెండు రోజుల్లో అన్ని భాగాలూ విన్నది. ప్రతి మాటా రాసుకుంది. ఆయన ఆమె మాటలతో ఆగలేదు. భాష ఇంకొంచెం గట్టిగా వినబడాలని కాబోలు, 'పాకా', 'బూగీ', 'హాకూ' లాంటివి బోలెడు కలిపాడు. చెవులు లేని తల్లి కోసం చేసిన భాషను చెవులకే అమ్ముకున్నాడు. బాలవ్వ దాన్ని ఎన్నటికీ వినలేదు. అది తలుచుకున్నప్పుడల్లా మాధవికి పళ్లు బిగుసుకునేవి. షాపులో ఒక పెళ్లికొడుకు పేరు రెండుసార్లు తప్పు కొట్టింది.

తన భాషలో దొంగ అనే మాట లేదని ఆ వారమే గమనించింది. వంకాయలు తరుగుతున్న తల్లి ముందు కూర్చుని, వేములవాడ గుడిలో కొబ్బరి చిప్ప ఎత్తుకుపోయిన కోతిని గుర్తు చేసింది. దాన్ని 'మాశూలా' అందామా అంది. బాలవ్వకు ఆ మాట తెగ నచ్చింది. గిన్నెలో మూతి పెట్టిన పిల్లిని, కూరగాయల తూకం తగ్గించిన బండివాణ్ని కూడా మాశూలా అంటూ రెండు రోజులు నవ్వింది. మాధవి కూడా నవ్వింది. ఎందుకు నేర్పిందో చెప్పలేదు.

ఆదివారం పొద్దున్నే, సంగీత పిలిచిందని చెప్పి తల్లిని జగిత్యాల తీసుకెళ్లింది. బాలవ్వ పెట్టెలోని మంచి చీర కట్టుకుంది. హాల్లోకి పోగానే ముందు వరుస చూసి ఆగిపోయింది.

"గాయిన మా ఊరి దొర గాదే? పురుషోత్తం రావు దొర."

మల్లాపూర్ దగ్గరి బాలవ్వ పుట్టిన ఊరికి వాళ్లు ఒకప్పటి దొరలు. ఇప్పుడు కోరుట్లలో ఉంటారు. విశ్వజిత్ ఆయన కొడుకేనని మాధవికి తెలుసు. అది తల్లికి ముందే చెబితే రాదని కూడా తెలుసు.

శాలువా కప్పారు. విశ్వజిత్ మాట్లాడాడు. ఆరేళ్లు కష్టపడ్డానన్నాడు. వెనక తెర మీద ఆ భాషలో ఒక వాక్యం వేశాడు. వాక్యం మీద వంపు గీత. అది మాధవి చేత్తో గీసిన గీతే, ఫొటో తీసి పెట్టాడు. ప్రశ్నలు అడగమన్నప్పుడు ఆమె లేచింది.

"సార్, నేను మాధవిని. మీ స్టూడెంట్‌ని."

ఆయన ముఖంలో నవ్వు ఒక్క క్షణం ఆగి, మళ్లీ వచ్చింది. "ఆ, మాధవీ. అడుగమ్మా."

"వాక్యం మీద గీత ఏంది సార్?"

"అది రాగం. అక్కడ గొంతు పైకి లేస్తది. ఆ తెగోళ్ల మాట పాట లెక్క ఉంటది."

"గీ భాషల గొంతే లేదు సార్. మైకు బంద్ చేసి, గొంతు తియ్యకుండ ఒక్క మాట చెప్పుర్రి. గీమె మా అవ్వ. చెవులు వినబడయి. మీరు చెప్పింది తెలుగుల చెప్తది."

హాల్లో గుసగుసలు లేచాయి. విశ్వజిత్ ఇది సమయం కాదన్నాడు. సభకు అధ్యక్షుడు మనోహర్ అనే రిటైర్డ్ హెడ్మాస్టర్. ఆయనకు నిజంగానే కుతూహలం కలిగింది. "చెప్పుర్రి సార్, తప్పేమున్నది?" అన్నాడు. తప్పించుకునే దారి లేక విశ్వజిత్ తను కలిపిన మాటలతో ఏదో పలికాడు. పెదాలు కదిలాయి. ఆ పెదాలు చూసి తెలుగులో చెప్పమని మాధవి సైగ చేస్తే, బాలవ్వ ముందుకు వంగి చూసింది.

"సారు ఏందో నములుతుండు బిడ్డా," అంది గట్టిగా. చెవుడు వచ్చాక ఆమె గొంతు ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. జనం నవ్వారు.

మాధవి స్టేజీ ఎక్కి, అంత దూరం నుంచి తల్లి వైపు తిరిగి, శబ్దం లేకుండా రెండు మాటలు పలికి కనుబొమలు ఎత్తింది.

"ఆకలైతుందా అని అడుగుతుంది," అంది బాలవ్వ సంబరంగా. "లేదే, పొద్దుగాలనే తిన్న గద."

మాధవి తెర మీది గీతను చేత్తో చూపి, తన కనుబొమను ముట్టుకుంది. ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. అక్కడ ఆపితే సరిపోయేది. కానీ ఆమెకు సరిపోలేదు. మళ్లీ తల్లి వైపు తిరిగి నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి పలికింది. బాలవ్వ పరీక్షలో పిల్లలాగా వెంట వెంటనే పైకి చెబుతూ పోయింది.

"గీ సారు... నా పుస్తకం దీస్కపోయిండు... నా మాటలు ఎత్తుకపోయిండు... గీ సారు దొంగ."

చివరి మాట నోట్లోంచి పడ్డాక గానీ తనేం అన్నదో ఆమెకు తెలియలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పురుషోత్తం రావు వైపు చూసింది. మాధవికి తల్లి ముఖం కనబడింది. పక్కకు తిరిగితే విశ్వజిత్ ముఖం కూడా కనబడింది. మెడలో శాలువా తీయాలో ఉంచాలో తెలియక నిలబడిన ఆ ముఖాన్నే ఆమె తృప్తి తీరా చూసింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బాలవ్వ తెలుగులోనే అడిగింది.

"నన్నెందుకు దీస్కపోయినవ్ బిడ్డా? నువ్వే అనకపోతివా?"

మాధవి తమ భాషలో జవాబు చెప్పబోయింది. బాలవ్వ చూడలేదు.

హాల్లో ఎవరో తీసిన వీడియో రెండు రోజుల్లో అందరి ఫోన్లలోకి చేరింది. కంపెనీవాళ్లు మాధవికి ఫోన్ చేశారు. నోట్‌బుక్ ఫొటోలు అప్పుడు పంపింది. తరువాతి శుక్రవారం సందు చివర ఒక కారు ఆగింది. తండ్రీకొడుకులు దిగి వచ్చారు. బాలవ్వ గబగబా కుర్చీలు తుడిచింది.

"కూసోండ్రి దొరా."

పురుషోత్తం రావు కూర్చున్నాడు. కొడుకు నిలబడే ఉన్నాడు.

"ఏమ్మా, తప్పైంది. మావోని పేరు తీపిస్త. నీ పేరు ఏపిస్త. ఒక్కటే, కంపెనీకి నువ్వు సరేనని చెప్పాలె."

విశ్వజిత్ ఫోన్ ముందుకు చాపాడు. "మాధవీ, ఒక్కసారి కామెంట్లు చూడు. నీ భాషల రాస్తుండ్రు. ఎక్కడెక్కడోళ్లో నేర్చుకుంటుండ్రు. గిది నా కోసం అడుగుతలేను. దాన్ని బంద్ చేపియ్యకు."

మాధవి చూసింది. ఎవరో అమ్మాయి తన కూతురితో రోజూ అన్నం వేళ 'వాశీ, లూమా తావీ' అంటున్నానని రాసింది. ఇంకొకరు కొత్త వాక్యం కట్టారు, తప్పు లేకుండా. భాషలు చేసే ఎవరికైనా కలలో కూడా దొరకని సంగతి అది. ఆ వాక్యాన్ని రెండోసారి చదివింది.

ఏమంటున్నాడని బాలవ్వ అడిగింది. మాధవి చెప్పింది.

"గంత మంది మాట్లాడుతరా మన మాటలు?" బాలవ్వ ముఖం విప్పారింది. "ఉండనియ్యే మరి. నాతోని ఒక్కదాంతోనేనా నీకు?"

మాధవి విశ్వజిత్ వైపు తిరిగింది.

"నా పేరు ఏసినా, ఎనక మీ కథే ఉంటది. వద్దు సార్. నా మాటలన్ని తీసెయ్యాలె. మొదటి భాగం నుంచి ఆఖరి దాక, ఒక్కటి మిగలొద్దు. కంపెనోళ్లకు గిదే చెప్పిన."

"అంటె సీరీసే ఆగిపోతది."

"ఆగిపోనియ్యుర్రి."

పురుషోత్తం రావు లేచి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ బాలవ్వను చూశాడు. ఆమె తల వంచుకుంది. కారు పోయాక కూడా చాలాసేపు ఆ కుర్చీని తుడుస్తూనే ఉంది.

నెలలోపు పాత భాగాలన్నీ యాప్‌లోంచి పోయాయి. కథ ఆగింది. విశ్వజిత్ కాలేజీ మానేశాడని, ఇంట్లోంచి ఎక్కువగా బయటికి రావడం లేదని సంగీత చెప్పింది. ఆ మాట విన్న రోజు మాధవి షాపులో కూని రాగం తీసింది. షాపు ఓనరు ఏంది సంగతి అని అడిగాడు. ఏమీ లేదంది.

వేసవిలో కోరుట్లలో చుట్టాలింట్లో పసిబిడ్డ తొట్టెల వేడుకకు తల్లీకూతుళ్లు వెళ్లారు. తిరుగు ప్రయాణంలో బస్టాండులో బస్సు ఇంకా కదలలేదు. కిటికీ పక్కన బాలవ్వ. ప్లాట్‌ఫారం మీద చేతిలో సంచితో ఒక మనిషి నిలబడి వాళ్లనే చూస్తున్నాడు. గడ్డం పెరిగింది. చిక్కిపోయాడు. మాధవి పోల్చుకునేలోపే విశ్వజిత్ రెండడుగులు ముందుకొచ్చాడు. కిటికీ అద్దం వేసి ఉంది, పక్క బస్సు ఇంజన్ మోగుతోంది. ఆయన గొంతెత్తలేదు. పెదాలు మాత్రం కదిలించాడు. అసలు భాషలోనే, తను కలిపినవేవీ లేకుండా, మూతి సరిగ్గా తిప్పుతూ, అద్దం ముందు చాలా రోజులు నేర్చుకున్నవాడిలా పలికాడు.

నాది తప్పు. నాతో మాట్లాడతారా?

చివర కనుబొమలు ఎత్తాడు.

మాధవికి అన్నీ అర్థమయ్యాయి. బాలవ్వకు కూడా అర్థమయ్యాయి. ఆమె పెదాలు జవాబు కోసం విడివడ్డాయి. మాధవి తల్లి గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుంది.

"ఏందే? పాపం, మాట్లాడుతుండు గద."

"మనతోని కాదవ్వా."

బస్సు కదిలింది. బాలవ్వ వెనక్కి తిరగబోయింది. మాధవి చెయ్యి తీయలేదు.