పడమటి గోడ మడి

గురువారం మధ్యాహ్నం హెస్టర్ పార్జిటర్ పడమటి గోడ దగ్గరికి వచ్చేసరికి మడి దువ్వినట్టుంది. పొద్దున అక్కడ ఫాక్స్‌గ్లవ్ పూల మొక్కలు అరచేయంత ఆకులతో నేలకు పరుచుకుని ఉన్నాయి. ఇప్పుడు మట్టి తప్ప ఏమీ లేదు. మట్టిలో పార గీతలు కూడా రైలు పట్టాల్లా సాగి ఉన్నాయి.

ఎవరి పనో అడగక్కర్లేదు. అలా కలుపు తీసేది డెస్మండ్ ట్రాంటర్ ఒక్కడే. రైల్వేలో సిగ్నల్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ప్రతి గురువారం కాల్డ్‌విక్ హాల్ అనే పాత బంగళా తోటలో ఊరికే పనిచేసిపెట్టడానికి వచ్చే ఊరివాళ్లలో ఆయనే పెద్దవాడు. అందరికంటే ముందు వచ్చేదీ ఆయనే.

జీతానికి పనిచేసే తోటమాలి హెస్టర్ ఒక్కతే. హాల్ కట్టి మూడు వందల ఏళ్లు దాటింది. చుట్టూ మిగిలింది పచ్చిక, గులకరాళ్లు. పూర్వం పడమటి గోడ వారన, పల్లెలో చిన్న ఇళ్ల ముందు ఉండేలాంటి పూలతోట ఉండేది. వరసలు లేకుండా, విత్తనం ఎక్కడ రాలితే అక్కడ మొలిచే తోట. దాన్ని తిరిగి తెస్తానని హెస్టర్ హాల్‌ను నడిపే ట్రస్టీలకు మాటిచ్చింది. వాళ్లు వచ్చే జూన్ దాకా గడువిచ్చారు. జూన్‌లో ఒక ఆదివారం జనానికి గేట్లు తెరుస్తారు. ఆ రోజుకు అక్కడ చూడడానికి ఏమైనా ఉంటే తోట ఉంటుంది. లేకపోతే కార్ల పార్కింగ్ వస్తుంది.

చిక్కల్లా ఫాక్స్‌గ్లవ్ తీరులో ఉంది. మొదటి ఏడాది ఆకులే వస్తాయి, పువ్వు రెండో ఏడాది. ఈ అక్టోబరులో పోయిన మొక్క బదులు ఇప్పుడు కొత్తగా విత్తినా జూన్‌లో పూయదు.

షెడ్డులో టీ దగ్గర హెస్టర్ మాట ఎత్తింది.

"పడమటి మడి మీరే శుభ్రం చేశారా, డెస్మండ్ గారూ?"

"నేనే తల్లీ. అడవిలా పడి ఉంది. నీకు మాత్రం ఎన్ని చేతులున్నాయి?"

"చాలా థాంక్సండి. కాకపోతే, ఆ మూల మీరు అంత శ్రమ పడక్కర్లేదేమో."

"శ్రమేముందమ్మా. నడుం వంగినన్నాళ్లు చేస్తా."

"అది కాదండీ. కొంచెం చిందరవందరగా ఉన్నా బాగానే ఉంటుందేమోనని."

"నువ్వలాగే అంటావులే. నాకు తెలీదా?" అని ఆయన బిస్కెట్ల డబ్బా ఆమె ముందుకు తోశాడు. "తీసుకో. చిక్కిపోయావు."

హెస్టర్ బిస్కెట్ తీసుకుంది. చెప్పేశానని అనుకుంది.

మరుసటి గురువారం మిగిలిన మొక్కల చుట్టూ కర్రలు పాతి దారం కట్టింది. డెస్మండ్ ఆ దారం విప్పి, ఉండ చుట్టి, కలుపు తీసి, దారం మళ్లీ కట్టి వెళ్లాడు. ముడులు ఆమె వేసినవాటికంటే గట్టిగా ఉన్నాయి. ఆ తర్వాతి వారం గుర్రపుశాల వెనక గులకరాళ్ల బాట ఆయనకు అప్పజెప్పింది. అది టీ వేళకే ముగించి, మిగతా పొద్దు ఆమెకు సాయం చేద్దామని పడమటి మడికే వచ్చాడు.

హాల్ వ్యవహారాలు చూసే ప్రూనెల్లాకు మొర పెట్టుకుంది.

"మొహం మీదే చెప్పేయరాదూ?" అంది ప్రూనెల్లా.

"నువ్వు చెప్పు."

"నేనా? చర్చిలో ఆయనది మా ముందు బెంచీ. ఆయన నొచ్చుకుంటే గురువారం వచ్చేవాళ్లంతా మానేస్తారు. అప్పుడు గడ్డి ఎవరు కోస్తారు, ట్రస్టీలా?"

చలికాలం గడిచింది. ఏప్రిల్‌లో చూస్తే పడమటి మడిలో మిగిలినవి గోడ పగుళ్లలో దాక్కున్న నాలుగు మొక్కలు. హెస్టర్ వాటిని తీసి మడి మధ్యలో నాటి, నీళ్లు తేవడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి డెస్మండ్ అక్కడున్నాడు. మొదటి మొక్క వేళ్లు పైకి తేలి ఉన్నాయి. పార రెండోదాని మీదికి వస్తోంది.

"ఆపండి," అంది హెస్టర్. నీళ్ల డబ్బా కింద పెట్టేసింది. "అవి కలుపు కాదు. నేను పెంచుతున్న మొక్కలు. అక్టోబరు నుంచి మీరు నా తోటంతా పీకేశారు."

డెస్మండ్ పారను పక్కన పెట్టాడు.

"ముందే చెప్పొచ్చుగా," అన్నాడు.

"చెప్పాను."

"ఎప్పుడు?"

"శ్రమ పడొద్దన్నాను. చిందరవందరగా ఉన్నా ఫరవాలేదన్నాను. దారం కట్టాను."

"అవన్నీ మర్యాదకి అన్నావనుకున్నా తల్లీ. పని చేసిపెడితే మా ఆవిడా అలాగే అనేది. అందుకే ఇంకా ఎక్కువ చేసేవాణ్ణి."

ఆయన స్థానంలో ఉంటే హెస్టర్ కూడా అలాగే అనుకునేది.

డెస్మండ్ ఆమెను గుర్రపుశాల వెనక్కి తీసుకెళ్లాడు. మడిలో పీకినదంతా చలికాలమంతా తోపుడు బండితో తీసుకెళ్లి పోసిన చెత్త కుప్ప అక్కడుంది. దాని మీద ఫాక్స్‌గ్లవ్‌లు మోకాలెత్తున నిలబడి ఉన్నాయి. ఇద్దరూ వేళ్ల చుట్టూ మట్టి రాలకుండా సగం మొక్కలు తవ్వి మడికి చేర్చారు. తెచ్చినవి అలిగినట్టు ఎదుగుదల మానేశాయి. కదిలించనివి కుప్ప మీద మనిషెత్తు పెరిగాయి.

జూన్ ఆదివారం ట్రస్టీల పెద్ద ఆంబ్రోస్ కెల్లవే కారును కుప్ప పక్కనే ఆపాడు. దిగి, ఆ పూలను చూశాడు. ఆ తర్వాత పడమటి మడినీ, అందులోని పొట్టి కాడలనూ చూసి, హెస్టర్, డెస్మండ్ నిలబడి ఉన్న కుప్ప దగ్గరికి తిరిగొచ్చాడు.

"అక్కడ ఇంత చాకిరీ ఎందుకమ్మా? ఇవి ఇక్కడ వాటంతటవే వస్తున్నాయిగా. అక్కడ పార్కింగ్ వేసేద్దాం. ఏమంటావు?"

అలా కూడా చూడొచ్చేమోనండి అన్న మాట హెస్టర్ నాలుక మీదికి వచ్చింది. మింగేసింది.

"వద్దండి. ఇది చెత్త కుప్ప. అక్కడిది తోట. దానికి ఇంకో ఏడాది కావాలి. ఇవ్వకపోతే మీరు తప్పు చేసినట్టే."

కెల్లవే డెస్మండ్ వైపు తిరిగి నవ్వాడు. "ఎండలో నిలబడి అలిసిపోయినట్టుంది పాపం."

"లేదండి," అన్నాడు డెస్మండ్. "ఈసారి మర్యాదకి అనలేదు."

కెల్లవే నవ్వు ఆగింది. బూటు కొనతో గులకరాళ్లను కాసేపు కెలికాడు.

"వచ్చే జూన్ దాకా," అన్నాడు చివరికి. "ఆ తర్వాత నన్నేమీ అడగొద్దు." టీ బల్లల వైపు నడిచాడు. ఆ పూట మళ్లీ హెస్టర్‌తో మాట్లాడలేదు.

వచ్చే జూన్‌కు పూయాల్సినవి ఈ అక్టోబరులో నేల మీద ఉండాలి. జనం వెళ్లిపోయాక హెస్టర్ షెడ్డులోకి వెళ్లి, డెస్మండ్ వాడే పొడుగు కర్ర పారను పనిముట్ల బీరువాలో పెట్టి తాళం వేసింది. డెస్మండ్ గుమ్మంలో కప్పు పట్టుకుని చూస్తున్నాడు.

"తాళంచెవి నా దగ్గరే ఉంటుంది," అంది. ఏమీ అనుకోకండి అనబోయి, ఆగింది.