అడుగు ముక్క

రంపం పళ్ళకు అంటిన మంచుపొడిని బ్రష్షుతో దులిపి కోతగాడు మళ్ళీ బల్ల ముందు నిలబడ్డాడు. కనుబొమల మీద తెల్లగా పేరుకుంది. ధ్రువం నుంచి తవ్వి తెచ్చిన మంచు కడ్డీలను ఈ పరిశోధన సంస్థ చలిగదిలో ముక్కలు కోయడమే అతని బతుకుతెరువు. చెయ్యి తిరిగిన పనివాడే. ఎంత తిరిగినా సరుకు తనది కాదు.

కడ్డీ అడుగున మట్టి కలిసిన ముక్క వస్తే కోసి తొట్టిలో పారేయడం ఇక్కడి ఆనవాయితీ. "బురద మనకెందుకయ్యా, తెల్లది చాలు" అన్నది పెద్దసారే. ఇప్పుడు గాలి మారింది. ధ్రువాన్ని కప్పిన మహా మంచుపలక పుట్టకముందు వట్టి నేల మీద కురిసి, కరగకుండా మిగిలిన తొలి మంచు ఆ బురదలోనే ఉందట. పలక ఎలా మొదలైందో అదే చెబుతుందట. చెత్త కాస్తా మేలిసరుకైంది. పారేసిన నేరం మాత్రం కోతగాడి మెడకు చుట్టుకుంది. మిగిలింది ఒక్కటే ముక్క.

"ఇది గాని పగిలిందా, రేపట్నుంచి రానక్కర్లేదు." గాజుకిటికీ అవతల నుంచి మైకులో పెద్దసారు.

"పారెయ్యమన్నది మీరే కదండీ..."

"నోటితో కొయ్యకు, రంపంతో కొయ్యి."

సార్ వెనక సహాయకులు కిసుక్కుమన్నారు.

మట్టిలో గులకరాళ్ళు. మిషను తగిలితే ముక్క చీలిపోతుంది. చేతిరంపం తీసుకుని వెంట్రుకవాసి చొప్పున లాగసాగాడు. మధ్యలో పక్కగదికి వెళ్ళి ఒళ్ళు కాచుకోవాలన్నది నియమం. సగం కోసి వదిలితే గాటు నుంచి బీట పాకుతుందని భయం. ఇంట్లో మంచాన పడ్డ అక్కకు తనొక్కడే దిక్కు. "నిన్ను కట్టుకునేదానికి రోజూ జలుబేరా తమ్ముడూ!" అని ఆవిడ ఎగతాళి. ఎవరూ కట్టుకోలేదు.

వేళ్ళు తనవి కానట్టయ్యాయి. అయినా ఆపలేదు.

ముక్క విడిపోయింది. లోపల గోధుమరంగు చారలు, వాటి మధ్య నాచుపోగు ఒకటి.

"పగల్లేదు!" అంటూ అందరూ లోపలికొచ్చి, గాజుసామాను ఎత్తినట్టు దాన్ని పెట్టెలోకి ఎత్తుకున్నారు. కోతగాడు గోడకు చేరగిలబడ్డాడు. అలాగే కిందికి జారిపోయాడు.

"సార్, ఆయన లేవట్లేదండీ," అంది సహాయకురాలు.

"నటన. మెచ్చుకోమని. ముందా తలుపెయ్యండమ్మా, చలంతా పోతోంది."

బయటికొచ్చి వేశారు. ముక్కతో ఫొటోలు దిగి, అటునుంచటే భోజనాలకు వెళ్ళారు. ఎవరికో గుర్తొచ్చి తలుపు తీసేసరికి అతని ఒళ్ళూ ఆ గది చలీ ఒకటైపోయాయి.

"నియమం తప్పింది అతనే. మీరంతా చూశారుగా," అన్నాడు పెద్దసారు. అందరూ చూశామన్నారు. సంస్థకు ముక్క దక్కింది, మాటా దక్కింది.

పక్కగదిలో, హీటరు మీద ఆరేసిన అతని రెండో జత ఉన్ని మేజోళ్ళు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.