సూదుల మీద అనుమానం

సుగుణ ముప్పైయొక్క ఏళ్ళు ప్రభుత్వాసుపత్రి ల్యాబులో పనిచేసింది. "మందు ఒక్క పూట కూడా మానలేదండీ" అని ఒట్టు వేసి చెప్పినవాళ్ళ షుగరు మూడు వందలు దాటడం, "చుక్క కూడా ముట్టనండీ" అన్నవాళ్ళ లివరు ఇంకో కథ చెప్పడం చూసీ చూసీ, మనుషులు చెప్పే మాటకన్నా సీసాలో రక్తం చెప్పే మాటనే నమ్మడం ఆవిడకి అలవాటైపోయింది. రిటైరై పలివెలలో ఇంటి పట్టున ఉన్నా ఆ అలవాటు పోలేదు. కూరగాయల మనిషి తూకాన్నీ అనుమానిస్తుంది, పాలలో నీళ్ళనీ అనుమానిస్తుంది.

ఉద్యోగంలో ఉండగానే కీళ్ళవాతం పట్టుకుంది. పొద్దున్న లేచాక గంటసేపు వేళ్ళు ముడుచుకునేవి కావు. జాకెట్టు హుక్కు పెట్టుకోవాలంటే ప్రాణం మీదకి వచ్చేది. రాజమండ్రి డాక్టరుగారు వారానికోసారి వేసుకునే బిళ్ళలిచ్చేరు. అవి నొప్పిని సగానికి తెచ్చేయి గానీ, మిగిలిన సగం కదలకుండా అక్కడే కూర్చుంది.

ఆవిడ భర్త సాలమోను హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి దిగిపోయేడు. అందరినీ నమ్మే మనిషి. ఆయనే ఒకరోజు అంబాజీపేట నుంచి కబురు మోసుకొచ్చేడు.

"నాగేంద్రబాబుగారని ఒకాయన ఉన్నాడు సుగుణా. సూదులతో నొప్పులు తీసేస్తున్నాడంట. చైనా వైద్యం."

"అంబాజీపేటలో చైనా వైద్యమేంటండీ?"

"పన్నెండేళ్ళు కువైట్‌లో ఒక చైనా డాక్టరు దగ్గర పనిచేసేడంట. డిప్లొమా కూడా ఉంది. ఒక్కసారి వెళ్ళి చూస్తే ఏం పోతుంది?"

ఇంట్లో ఇంకో మనిషి కూడా ఉంది. సాలమోను అక్క సత్తెమ్మ. భర్త పోయిన దగ్గర్నుంచి తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. ఆవిడ కూడా అందుకుంది. "వెళ్ళమ్మాయ్. నీ మూలుగు వినలేకపోతున్నాను. పోయేదేముంది?"

ఇద్దరి పోరూ పడలేక సుగుణ బయల్దేరింది. వెళ్ళేటప్పుడే మనసులో ఒక చిట్టా వేసుకుంది. పేరు ముందు 'డాక్టర్' అని రాసుకుంటాడా? వాడిన సూదే మళ్ళీ వాడతాడా? ఇంగ్లీషు మందులు మానేయమంటాడా? మూడింట్లో ఒక్కదానికి అవునని తేలినా లేచి వచ్చేయాలనుకుంది.

కొబ్బరికాయల గొడౌను మీద మేడగది అది. కింద లారీకి బస్తాలెక్కిస్తున్నారు. బోర్డు మీద 'డాక్టర్' లేదు. నాగేంద్రబాబుకి యాభై ఏళ్ళుంటాయి. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆవిడ కళ్ళెదుటే కొత్త ప్యాకెట్ చింపి సూదులు తీసేడు. ఆవిడ ఫైలు మొత్తం తిరగేసి, "రాజమండ్రి మందులు మాత్రం మానకండి మేడమ్ గారూ. ఈ జబ్బుని తీసేసే శక్తి నా సూదులకి లేదండి. నొప్పి కొంచెం తగ్గొచ్చు, తగ్గకపోనూ వచ్చు" అన్నాడు.

చిట్టాలో ఒక్కటీ దొరకలేదు. అదే ఆవిడకి ఇంకా పెద్ద అనుమానమైంది. ఇంత మంచిగా మాట్లాడేవాడు ఎక్కడో ఏదో దాస్తున్నాడు అనుకుంది.

వెంట్రుకంత సన్నటి సూదులు మోకాళ్ళ చుట్టూ, మణికట్ల దగ్గరా, పాదాల మీదా గుచ్చేడు. చీమ కుట్టినంతే. ఆ తర్వాత ఎండబెట్టిన మాచిపత్రి ఆకు చుట్ట వెలిగించి ఆ వేడి కీళ్ళకి తగిలించేడు. అరగంట పడుకోబెట్టి పంపించేసేడు. వారానికి రెండు సార్లు రమ్మన్నాడు.

రెండో వారానికి మోకాళ్ళు తేలికపడ్డాయి. మూడో వారానికి వేళ్ళు పిడికిలిగా బిగిసేయి. నాలుగో వారం ఆదివారం చర్చిలో సుగుణ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మోకరించి, మళ్ళీ తనంతట తానే లేచింది. పక్కన ఉన్న ఆడవాళ్ళందరూ చూసేరు. సాలమోను కళ్ళు తుడుచుకున్నాడు. వారం తిరక్కుండా ఊళ్ళోంచి ఆరుగురు అంబాజీపేట బస్సెక్కేరు.

అందరూ సంతోషిస్తుంటే సుగుణకి మాత్రం లోపల ఏదో గీరుతున్నట్టు ఉండేది. ఎనిమిదేళ్ళ నొప్పి నాలుగు వారాల్లో ఎలా పోయింది? ఆకలి విపరీతంగా వేస్తోంది. రాత్రి నిద్ర సరిగా పట్టడం లేదు. అద్దంలో చూసుకుంటే బుగ్గలు నిండుగా, గుండ్రంగా కనబడుతున్నాయి. "ఒంటికి సుఖం తగిలింది, ఒళ్ళు చేసేవు" అని సాలమోను మురిసిపోయేడు. ఆవిడ లోపలికెళ్ళి వేలు గుచ్చుకుని షుగరు చూసుకుంది. రెండు వందల అరవై. జన్మలో ఎప్పుడూ లేని షుగరు.

ఆ ముఖం, ఆ ఆకలి, ఆ షుగరు. మూడూ కలిపి చూస్తే ఆవిడకి ఒకే మాట తట్టింది. స్టెరాయిడు.

మర్నాడు పొద్దున్నే, పరగడుపున, కొత్తపేటలో ల్యాబు నడుపుతున్న హేమ దగ్గరికెళ్ళింది. ఒకప్పుడు తన చేతి కింద పని నేర్చుకున్న పిల్ల. "కార్టిసాల్ చెయ్యమ్మా" అంది. మన ఒంట్లో స్టెరాయిడు దానంతట అదే కొంత తయారవుతుంది, దాని కొలతే కార్టిసాల్. బయటినుంచి ఎవరైనా పోస్తుంటే ఒళ్ళు తన పని మానేస్తుంది. శాంపిల్ హైదరాబాదు పంపితే రెండు రోజులకి రిపోర్టు వచ్చింది. రిపోర్టు చూసి హేమ బిత్తరపోయింది. "ఇంచుమించు లేనట్టే ఉందండీ మేడమ్! ఏం వాడుతున్నారండీ?"

"నేను వాడట్లేదమ్మా. వాడిస్తున్నారు" అంది సుగుణ.

రిపోర్టు పట్టుకుని తిన్నగా అంబాజీపేట వెళ్ళింది. గదిలో నలుగురు పేషెంట్లున్నారు. వాళ్ళ ముందే అడిగింది. "సూదులకి ఏం పూస్తున్నారండీ?"

నాగేంద్రబాబుకి అర్థం కాలేదు. ఆవిడ రిపోర్టు ఆయన చేతిలో పెట్టి, గొంతు తగ్గించకుండా మొత్తం చెప్పింది. పేషెంట్లలో ఒకావిడ చెప్పులేసుకుని దిగిపోయింది. నాగేంద్రబాబు ముఖం పాలిపోయింది గానీ, కోప్పడలేదు. బీరువా తాళాలు తీసి ఆవిడ చేతికిచ్చేడు.

"వెతుక్కోండి మేడమ్ గారూ. నా దగ్గర మందన్నదే లేదండి. స్పిరిటూ, దూదీ, అంతే."

సుగుణ మొహమాటపడలేదు. నిజంగానే వెతికింది. సీలు తియ్యని సూదుల ప్యాకెట్లు, వీపుకి పెట్టే గాజు కప్పులు, మాచిపత్రి చుట్టలు. అడుగు అరలో ఆయన మధ్యాహ్నం క్యారేజీ. ఇంకేమీ లేదు.

తాళాలు తిరిగి తీసుకుంటూ ఆయన నెమ్మదిగా అన్నాడు. "మీకు తగ్గినంత బాగా ఇంతవరకూ ఎవరికీ తగ్గలేదండి. నాక్కూడా అనుమానం రావాల్సింది. రాలేదు. నా చేతి గుణమనుకుని మురిసిపోయేను." బీరువా మూసి, "ఇంట్లో ఇంకేమైనా తాగుతున్నారాండీ? కషాయాలూ అవీ?" అనడిగేడు.

సుగుణ రిపోర్టు మడిచి సంచీలో పెట్టుకుని మెట్లు దిగింది. బస్సులో కూర్చున్నాక గానీ ఆ ప్రశ్న ఆవిడకి తగల్లేదు. రోజూ పొద్దున్నే సత్తెమ్మ చేతికిచ్చే పసుపుపాలు. ఎప్పటినుంచి ఇస్తోంది? సూదులు మొదలెట్టిన వారం నుంచి.

మర్నాడు సత్తెమ్మ కన్నా ముందు లేచి వంటగది గుమ్మం పక్కన నిలబడింది. సత్తెమ్మ పాలు కాచింది. పసుపు వేసింది, మిరియాలపొడి వేసింది. తర్వాత బియ్యం డబ్బా వెనకనుంచి హార్లిక్స్ సీసా తీసి, గోధుమరంగు పొడి ఒక చెంచా వేసి కలిపింది.

"అదేంటి వదినగారూ?"

సత్తెమ్మ చేతిలో చెంచా కింద పడింది.

దాచడం ఆవిడకి చేతకాలేదు. శుక్రవారం సంతలో వ్యాను పెట్టుకుని ఒకాయన అమ్ముతున్నాడు. అడవి మూలికలంట. కీళ్ళనొప్పులకి తిరుగులేదంట. "నీకు చెబితే పారబోస్తావని తెలుసమ్మాయ్. సూదులకి వెళ్తున్నావు కదా, వాటివల్లే తగ్గిందనుకుంటావులే అనుకున్నాను. పొద్దున్నే నువ్వు మంచం మీద ఏడుస్తుంటే గోడ ఇవతల నాకు వినబడదా?"

"ఏడిస్తే విషం పెడతావా?" అంది సుగుణ. పాతికేళ్ళలో ఎన్నడూ వదినగారిని 'నువ్వు' అని ఎరగదు. "నన్ను అడక్కుండా నా నోట్లో పోస్తావా? నువ్వు కాబట్టి ఊరుకుంటున్నాను, ఇంకెవరన్నా అయితే పోలీసుల్ని పిలిచేదాన్ని."

సత్తెమ్మ వంగి కింద పడ్డ చెంచా తీసింది.

సుగుణ వెంటనే రాజమండ్రి డాక్టరుగారికి ఫోన్ చేసింది. ఉన్నపళంగా ఆపితే ప్రమాదమనీ, ఒళ్ళు తన పని తాను చేసుకునేదాకా బిళ్ళల రూపంలో కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలనీ ఆవిడకి తెలుసు. ఆయనా అదే చెప్పి బిళ్ళల చీటీ ఫోన్‌లో పంపించేరు. ఆ పొడి కొంచెం శాంపిల్ సీసాలో పోసి, డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి ఇవ్వడానికి పక్కన పెట్టుకుంది. అన్నీ పద్ధతి ప్రకారం చేసేననుకుంది. మధ్యాహ్నం సత్తెమ్మ హార్లిక్స్ సీసా పట్టుకెళ్ళి ఇంటి వెనక పంటకాలువలో గుమ్మరించేసి వచ్చింది. మంచిపని చేసిందనుకుంది సుగుణ.

మూడు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. సాలమోను ఇద్దరి మధ్యా తిరుగుతూ, "పొరపాటు చేసింది, చెడు తలచి కాదు కదా సుగుణా" అంటే ఆవిడ వినిపించుకోలేదు. రెండో రోజునుంచి సత్తెమ్మ సరిగా తినడం మానేసింది. మూడో రోజు వరండాలో నులకమంచం మీదే ఉండిపోయింది. తిన్నది కక్కుకుంది. అలక, అనుకుంది సుగుణ. నాటకం, అని కూడా అనుకుంది.

నాలుగో రోజు ఆదివారం. చర్చినుంచి వచ్చేసరికి నాగేంద్రబాబు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పొడి సంగతి సాలమోను ఫోన్‌లో చెప్పేడంట, ఒకసారి కళ్ళతో చూసి పోదామని వచ్చేడు. తన గదికి వచ్చేవాళ్ళు కూడా అది వాడుతున్నారేమో కనుక్కోవాలి గదా అన్నాడు. సుగుణ ఆయన ముఖం సూటిగా చూడలేకపోయింది. శాంపిల్ సీసా తేవడానికి లోపలికెళ్ళింది.

తిరిగొచ్చేసరికి ఆయన నులకమంచం పక్కన గొంతుక్కూర్చుని సత్తెమ్మ నాడి చూస్తున్నాడు.

"అమ్మగారూ, ఆ పొడి మీరు కూడా తిన్నారాండీ?"

"ఆయ్, నా మోకాళ్ళ కోసమే కొన్నానండి ముందు. ఆర్నెల్లనుంచీ," అంది సత్తెమ్మ నీరసంగా. "ఇప్పుడు లేదండి. పారబోసేసేను."

సుగుణ చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. సత్తెమ్మ ముఖం గుండ్రంగా అయి ఎన్నాళ్ళయింది? తను రోజూ చూసే ముఖమే. తన బుగ్గలు అద్దంలో కనబడ్డాయి గానీ ఎదురుగా తిరిగే మనిషి బుగ్గలు కనబడలేదు. ముప్పైయొక్క ఏళ్ళ ల్యాబు, అంత అనుమానం. అడగాల్సిన ఆ ఒక్క మాటా అడగలేదు.

పరుగున వెళ్ళి బీపీ మిషను తెచ్చింది. పైది డెబ్భై ఎనిమిది. కిందది సరిగా అందలేదు.

సాలమోను పక్కింటివాళ్ళ కారు తెచ్చేడు. నాగేంద్రబాబు సత్తెమ్మని రెండు చేతులమీదా ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టేడు. అమలాపురం దాకా సుగుణ ఆవిడ తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చెయ్యి చల్లగా, చెమటగా ఉంది. "వదినగారూ, నిద్రపోకండి. నాతో మాట్లాడండి" అంటూనే ఉంది. సత్తెమ్మ ఒక్కసారి కళ్ళు తెరిచి, "నాటకం కాదమ్మాయ్" అంది. తను ఆ మాట పైకి ఎప్పుడందో సుగుణకి గుర్తు లేదు. అనే ఉంటుంది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మకి సుగుణ మూడు ముక్కల్లో చెప్పింది. ఆర్నెల్లు స్టెరాయిడు, నాలుగు రోజుల కింద హఠాత్తుగా ఆపేసేరు, బీపీ పడిపోయింది. డాక్టరమ్మ ఇంకేమీ అడక్కుండా ఇంజెక్షన్ ఇచ్చి సెలైను పెట్టింది. సాయంత్రానికి బీపీ వందకి వచ్చింది. సత్తెమ్మ కాఫీ అడిగింది. సుగుణ ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని అప్పుడేడ్చింది.

వరండాలో నాగేంద్రబాబు ఇంకా ఉన్నాడు. సుగుణ చేతులు జోడించింది. "నలుగురి ముందూ మిమ్మల్ని నానా మాటలూ అన్నానండి."

"మీరు అనుమానించబట్టే కదండీ బయటపడింది" అన్నాడాయన. తర్వాత కాస్త ఇబ్బందిగా, "కానీ నా సూదులవల్ల తగ్గలేదని తెలిసేక రెండు రోజులు గది తెరవలేదండి నేను" అన్నాడు.

ఆ తర్వాత రెండు నెలల్లో బిళ్ళలు తగ్గేకొద్దీ నొప్పులు వచ్చేసేయి, ఇద్దరికీ. చర్చిలో సుగుణ మళ్ళీ బెంచీ మీదే కూర్చుని ప్రార్థన చేసుకుంటోంది. రాజమండ్రి డాక్టరుగారు మందు మార్చేరు. సూదులకి కూడా ఇంకో ఆరు సార్లు వెళ్ళింది, ఈసారి ఏ పొడీ లేకుండా. మోకాళ్ళకి రెండు రోజులు తేలిగ్గా ఉంటోంది. వేళ్ళకి ఏమీ లేదు. అదే మాట నాగేంద్రబాబుకి చెబితే, "నిజం చెప్పేరండి. సంతోషం" అన్నాడు. ఆయన ముఖంలో సంతోషమేమీ కనబడలేదు గానీ, కొత్తగా వచ్చేవాళ్ళ చేత ముందు ఏమేం తాగుతున్నారో రాయించుకుంటున్నాడు.

పొడిలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడు ఉందని డ్రగ్ ఇన్‌స్పెక్టరు దగ్గర్నుంచి రిపోర్టు వచ్చేక సుగుణ ఒక శుక్రవారం సంతకి వెళ్ళింది. వ్యాను లేదు. అది నిలిపే చోట ఎనిమిది, తొమ్మిది మంది ఆడవాళ్ళు గోడ నీడన కూర్చుని ఉన్నారు. నాట్లేసి, కలుపు తీసి, అరిగిపోయిన మోకాళ్ళు. మూడు వారాలుగా రావట్లేదంట, ఇంట్లో ఉన్న పొడి అడుగంటిందంట, ఈ వారమైనా వస్తాడేమోనని చూస్తున్నారు.

సుగుణ వాళ్ళ మధ్య కూర్చుని చెప్పింది. ఆ పొడిలో ఏముందో, వదినగారికి ఏమైందో, ఒక్కసారిగా ఆపకూడదనీ, ఎంతకాలంగా వాడుతున్నారో చెబితే తనే ఆసుపత్రికి వెంటబెట్టుకెళ్తాననీ. అందరూ విన్నారు.

చివరికి ఒక పెద్దావిడ అడిగింది. "మీరు ఆ సూదులాయన దగ్గరికెళ్ళే మేడమే కదండీ? ఆయన పంపించేడా?"

"లేదమ్మా. నేనే వచ్చేను."

ఆవిడ నమ్మలేదు. అనుమానంగా కిందనుంచి మీదదాకా చూసింది. ఆ చూపు ఎలాంటిదో సుగుణకి బాగా తెలుసు. కోపం రాలేదు. సంచీలోంచి బీపీ మిషను తీసి, "సరే, నన్ను నమ్మకండి. చెయ్యి మాత్రం ఇలా ఇవ్వండి" అంది.

పెద్దావిడ చీరకొంగు సర్దుకుని చెయ్యి చాపింది.