బారున్న ఫ్రేము

నా లేడీస్ సైకిలు కరకట్ట మీద ప్రాణం విడిచింది. రెండు ముక్కలేం కాలేదు. పెడళ్ల దగ్గర గొట్టం సన్నగా నెర్రె ఇచ్చి, తొక్కినప్పుడల్లా కిర్రుమని ఏడవడం మొదలుపెట్టింది. పాపం, దాని తప్పేముంది? బాపట్లలో ట్రైనింగు రోజుల్లో హాస్టలు నుంచి ఆసుపత్రికి తారు రోడ్డు మీద సుకుమారంగా వెళ్లిరావడానికి కొన్న సైకిలది. దాన్ని తెచ్చి కృష్ణ ఒడ్డున ట్రాక్టర్లు దున్నేసిన గట్టు మీద తోలితే ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది?

నా ఉద్యోగం అలాంటిది మరి. 2004లో రేపల్లెలో టీబీ రోగులకు బిళ్లలు మింగించే పనిలో చేరాను. ఇవ్వడం కాదు, మింగించడం. రోజు విడిచి రోజు వెళ్లి, నా కళ్లెదుట మింగించి, నోరు తెరిపించి చూసి రావాలి. ఊళ్లో ఉన్నవాళ్లతో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా ఏటి లంకలో ఒంటరిగా ఉండే యోబు బాబాయితోనే. కొంతదూరం తారు రోడ్డు, ఆపైన కరకట్ట, దిగితే ఇసక దారి.

యోబు బాబాయి చేపల వేట మానేసి, కూర్చున్నచోటే వలలు అల్లుకునేవాడు. భార్య పోయింది. కూతురు బాపట్ల దగ్గర అత్తారింట్లో ఉంది. జబ్బు సంగతి తెలిశాక చుట్టుపక్కల వాళ్లు ఆ గుడిసె వైపు చూడటం కూడా మానేశారు.

"ఈ బిళ్లలు కడుపులో నిప్పులు పోస్తన్నాయమ్మాయ్. ఇంత దూరం వత్తావని మింగుతున్నా గానీ, లేపోతే ఏట్లో పారేద్దును," అనేవాడు.

ఊరికే అన్న మాట కాదది. జ్వరమొచ్చి నేను వెళ్లలేని రోజున నిజంగానే మింగలేదు. మధ్యలో మానేస్తే ఆ జబ్బు మొండికేస్తుంది, తర్వాత ఏ మందుకూ లొంగదు. కాబట్టి నా సైకిలు నడిస్తేనే ఆయన మందు నడిచేది. విరిగిన ఫ్రేము చూసి నాకు ఏడుపొచ్చింది సైకిలు మీద ప్రేమతో కాదు.

మా అన్న షఫీక్‌కి తెనాలిలో సైకిలు ఫిట్టింగు షాపు ఉంది. మా వైపు సైకిలంటే మొత్తంగా ఒక వస్తువని ఎవరూ అనుకోరు. ఫ్రేము వేరే, చక్రాలు వేరే, సీటు వేరే. ఏది చెడితే అది మార్చి మళ్లీ బిగించుకుంటారు. నేను కూడా ఫ్రేము ఒక్కటి మార్చుకుందామని, రేపల్లె ప్యాసింజరు కిటికీకి పాలక్యాన్ల పక్కన సైకిలు తగిలించి తెనాలిలో దిగాను.

షాపు కప్పుకి కొక్కేలు వేసి ఫ్రేములన్నీ వేలాడదీసి ఉన్నాయి.

"అన్నా, ఆ నల్లది దించు," అన్నాను. పైన బారున్న మగవాళ్ల ఫ్రేమది.

అన్న విననట్టే ఊదారంగు లేడీస్ ఫ్రేము దించాడు. "కొత్త మోడలు చెల్లెమ్మా. రంగు చూడు ఎంత బాగుందో."

"రంగు నేనేం చేసుకోను? పాతదీ ఇట్టాంటిదేగా. పైన బారు లేదు. గతుకు తగిలితే బరువంతా కింద గొట్టమే మోయాలి. విరగక ఏం చేస్తది?"

"నాకు చెప్తున్నావా సైకిళ్ల గురించి?"

"నీకు తెలీదని కాదు. తెలిసీ చేస్తున్నావని."

అన్న మూతి ముడుచుకొని, లావు టైర్లు వేసి ఉన్న రేంజరు సైకిలొకటి బయటికి తోశాడు. ఇప్పటి కాలేజీ కుర్రాళ్లు తొక్కేది. గొట్టాలు బొద్దుగా ఉన్నాయి, బారు సీటు వైపు వాలుగా దిగింది. సందులో ఒక చుట్టు తొక్కి చూశాను. గతుకులే తెలియలేదు. నిజం చెప్పొద్దూ, మనసు దాని మీదకే పోయింది. కానీ నా చక్రాలు దానికి పట్టవు. తారు రోడ్డు మీద ఆ టైర్లు కాళ్లు లాగేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, దానికి వెనక కేరియరు లేదు. కళ్లు తిరిగిన మనిషినో, నడవలేని ముసలామెనో ఒక్కోసారి వెనక కూర్చోబెట్టుకొని రావాల్సి వస్తుంది. రోడ్డుకీ కట్టకీ మనిషి బరువుకీ పనికొచ్చేది ఆ నల్ల ఫ్రేమే.

"అదే కావాలన్నా."

అప్పటికి అసలు మాట బయటపడింది. "బజారు మధ్యలో కాలెత్తి బారు మీంచి తిప్పి ఎక్కుతావా? మన ఇళ్లల్లో ఎవరన్నా ఎక్కారా? చూసినోళ్లు నన్నే అంటారు, షఫీక్ చెల్లెలికి ఆడోళ్ల సైకిలు ఇవ్వలేకపోయాడా అని. బావ ఏమనుకుంటాడు?"

"మీ బావకి లేని బాధ నీకెందుకు? నీ పని, నీ సైకిలు అన్నాడాయన."

మా ఆయన నాగూర్ బాషా రేపల్లెలో టైలరు. చుడీదార్ల కింద పైజమాలు కాస్త వదులుగా కుట్టి ఇచ్చి తన వంతు సాయం ఎప్పుడో చేశాడు.

అన్న ఊదారంగు ఫ్రేము మళ్లీ కొక్కేనికి తగిలించాడు. చివరికి, "సరే, రేపు రా. నీకు నచ్చేట్టు చేసి పెడతా," అన్నాడు.

మర్నాడు వెళ్లేసరికి సైకిలు తయారుగా ఉంది. ఫ్రేము నల్లగా, బలంగా ఉంది. బారు కూడా ఉంది. కాకపోతే హ్యాండిలు దగ్గర నుంచి కిందికి దిగి, సీటు గొట్టానికి సగంలో కలిసింది. కాలు సులువుగా దాటుతుంది.

"ఇదేంటి, ఇట్టా ఉంది?"

"బారు కంపెనీ వాళ్లే కిందికి దింపారమ్మా. గట్టిదనం గట్టిదనమే, నీ మర్యాద నీకే."

రంగు వాసన గుప్పుమంది. కొత్తది కదా అనుకున్నాను. మా అన్న లాంటివాడు ఎవరికుంటాడని దారి పొడుగునా మురిసిపోయాను కూడా.

కొన్ని వారాలు సైకిలు బాగానే నడిచింది. యోబు బాబాయి బిళ్లలు ఒక్క పూట తప్పలేదు. మనిషి కాస్త తేరుకున్నాడు. ఈసారి వస్తే చేపల పులుసు పెడతానన్నాడు.

వర్షాలు పడ్డాక ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి గుడిసె ముందు రక్తం కక్కుకొని కూర్చొని ఉన్నాడు. తువ్వాలంతా ఎర్రగా తడిసింది. సాయానికి కేకేస్తే దూరంగా ఇద్దరు ఆగి చూశారు, దగ్గరికి రాలేదు. నేనే లేవదీసి కేరియరు మీద కూర్చోబెట్టాను. ఎండు గడ్డిమోపంత బరువు కూడా లేడు.

"సీటు స్ప్రింగులు గట్టిగా పట్టుకో బాబాయ్."

"పట్టుకున్నాలే. నువ్వు నిదానంగా తొక్కు."

నిదానంగానే తొక్కాను. కట్ట మీద ట్రాక్టరు గాడి ఒకటి అడ్డం వచ్చింది. ముందు చక్రం దిగి లేచేలోపు టప్‌మని చప్పుడైంది. బారు హ్యాండిలు దగ్గర ఊడిపోయి, సైకిలు ముందుకి కూలబడింది. ఇద్దరం బురదలో పడ్డాం.

"నీకేం తగల్లేదుగా అమ్మాయ్?" అని ఆయనే ముందు అడిగాడు.

నా చెయ్యి పట్టుకొని నడిచాడు. నాలుగడుగులు వేయడం, కూర్చోవడం, దగ్గడం, మళ్లీ లేవడం. ఆ కట్ట మీద ఒక్క బండి రాలేదు. తారు రోడ్డు దగ్గరకి చేరాక గడ్డిబండి ఒకటి దొరికింది. ఆసుపత్రికి చేరేసరికి పొద్దువాలింది. కూతురు బాపట్ల నుంచి వచ్చేలోపే ఆయన పోయాడు.

"ముందే తెచ్చినా చెప్పలేమమ్మా," అన్నాడు డాక్టరు. ఆ మాట నన్ను ఓదార్చలేదు. చెప్పలేమంటే బతికేవాడేమోనని కూడా అర్థం.

కూతురు అడిగింది ఒక్కటే. "మా నాన్న నడిచొచ్చాడా అక్కా?"

అవునన్నాను.

ఆయన్ని మట్టి చేసిన మర్నాడు కట్ట మీదకి వెళ్లి సైకిలు లేవదీశాను. ఊడిన చోట రంగు పెచ్చులు లేచి, లోపల ఇత్తడి అతుకు పసుప్పచ్చగా మెరుస్తోంది. గొట్టం మీద రంపపు గీతలున్నాయి. మంచి ఫ్రేము బారుని కోసి, కిందికి దించి, అతికి, రంగు పూసి నాకు ఇచ్చాడన్నమాట. నేను కాలెత్తకుండా ఉండాలని. నా అన్న మీద నాకు అసహ్యం పుట్టిన రోజది.

తెనాలి తీసుకెళ్లి షాపు ముందు పడేశాను. అన్న వంగి ఆ అతుకు చూశాడు. మొహం పాలిపోయింది. గబగబా వచ్చి నా భుజాలు పట్టుకున్నాడు.

"నీకేం కాలేదుగా? దెబ్బలేమన్నా తగిలాయా?"

"నాకేం కాలేదన్నా."

"అల్లా దయ. పోన్లే, మనిషికేం కాలేదు, అదే చాలు."

"నాకు కాలేదన్నాను. వెనక కూర్చున్నాయనకి అయింది. నిన్న మట్టి చేశారు."

అన్న చేతులు నా భుజాల మీద నుంచి జారిపోయాయి. "నీ మర్యాద కోసమేగా నేను..." అంటూనే విరిగిన సైకిలు పక్కన కూలబడి ఏడ్చాడు. నేను ఊరుకోమని అనలేదు. ఊరుకోబెట్టాలని అనిపించలేదు.

కాసేపటికి లేచి, కొక్కెం నుంచి నల్ల ఫ్రేము దించాడు. కోయనిది, బారున్నది. నా చక్రాలు, నా సీటు, నా హ్యాండిలు ఒక్కొక్కటే దానికి ఎక్కించాడు. నేను పక్కనే నిలబడి ప్రతి నట్టూ చూశాను. ఇదివరకెప్పుడూ అలా చూడలేదు.

"కేరియరు గట్టిగా బిగించు," అన్నాను. "దానిమీద మనుషులు కూర్చుంటారు."

బిగించాడు. సైకిలు రోడ్డు మీదకి తెచ్చి, బజారు మధ్యలో కాలెత్తి బారు మీంచి తిప్పి ఎక్కాను. చూసినవాళ్లు చూశారు. అన్న మాత్రం నా వైపు చూడలేదు. నేను కదలబోతున్నా వదలకుండా, రెండు చేతులతో కేరియరు పట్టుకొని ఊపి ఊపి చూస్తూనే ఉన్నాడు.