తుప్పు కత్తితో గెలిచిన అంగీలు

నాటక సంస్థ దుస్తుల గదిలో ఆమెను అందరూ టేపక్క అనేవారు. కొలతల టేపు మెడలో లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. అన్నం తింటున్నా, ఫోన్‌లో మాట్లాడుతున్నా అది అలా వేలాడుతూనే ఉండేది. పదిహేనేళ్లుగా ఆ గదిలో కూర్చుని రాజులకూ దొంగలకూ దెయ్యాలకూ బట్టలు కత్తిరిస్తోంది.

ఆ ఏడాది వేసే నాటకంలో ఒక కత్తివీరుడి పాత్ర వచ్చింది. "ఏ దేశంవాడు, ఏ కాలంవాడు అని నన్నడక్కు. తెర లేవగానే జనం వాణ్ణి చూసి నోరు తెరవాలి, అంతే" అన్నాడు దర్శకుడు. టేపక్క కాగితం మీద పెన్సిల్ పెట్టిందో లేదో చెయ్యి దానంతటదే నడిచింది. మోకాళ్ల దాకా జారే వదులు అంగీ, ముదురు నీలం రంగు, వీపు మీద ఒక తెల్ల కొంగ, దాని రెక్కలు రెండు భుజాల మీదికీ పాకుతూ.

మూడో రోజున అంగీ బొమ్మకు తొడిగి కుచ్చిళ్లు సర్దుతుంటే, దీపాలు చూసుకునే లైట్లాయన తలుపు దగ్గరే ఆగిపోయాడు. నలభై దగ్గర పడ్డ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి.

"అక్కా, ఇది ఆ సమురాయ్ వీడియో ఆటలోది కదూ? మా చిన్నప్పటిది!"

టేపక్క దొంగతనం బయటపడ్డట్టు నవ్వేసింది. "నీకూ తెలుసా ఆ ఆట?"

"తెలియకపోవడమేమిటి! బడి ఎగ్గొట్టి మరీ ఆడాను. ఇప్పుడు దాన్నే కొత్తగా చేసి వదిలారు. రేపు తెస్తాను, మధ్యాహ్నం రిహార్సల్ హాల్లో టీవీకి తగిలిద్దాం."

ఆ మాటతో ఆమెకు ఇక సూది మీద దృష్టి నిలవలేదు.

ఆ ఆట మొదటిసారి చూసినప్పుడు ఆమెకు తొమ్మిదేళ్లు. వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేక రెండు నెలలు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. నాన్న పగలు పనికీ, సాయంత్రం ఆసుపత్రికీ పరుగులు. అందుకని పిల్లను మామయ్య దగ్గర దింపారు. మామయ్య, అంటే అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, రేడియోలూ టీవీలూ బాగుచేసేవాడు. అప్పటికింకా పెళ్లి కాలేదు. దుకాణం వెనకాల ఒకటే గది. మంచం మీద కూర్చుంటే ఒక పక్క స్టవ్వు, ఒక పక్క విప్పి పెట్టిన టీవీల గుట్ట. గది నిండా కాలిన సోల్డరు వాసన.

ఆ రోజుల్లో ఎవరో ఒక ఆట యంత్రాన్ని బాగుచేయమని ఇచ్చి ఊరెళ్లారు. మామయ్య ఒక్క పూటలో దాన్ని బాగుచేశాడు. "సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించాలిగా" అంటూ డిస్కు పెట్టాడు. ఆ పరీక్ష రెండు నెలలు నడిచింది.

ఆట కథ చిన్నదే. యజమానిని చంపి కోటను ఆక్రమించినవాళ్లను వెతుక్కుంటూ ఒంటరి సమురాయ్, అంటే జపాను కత్తివీరుడు, బయలుదేరతాడు. వాడి చేతిలో తుప్పు పట్టిన కత్తి ఒక్కటే ఉంటుంది. శత్రువు కత్తి ఎత్తి దింపే ఆ రెప్పపాటులో మీట నొక్కితే ఖణేల్‌మని నిప్పు రేగి వాడు తూలిపోతాడు. అదే అదను. ఒక్క క్షణం ముందు నొక్కినా వెనక నొక్కినా మన పని సరి. పడిపోయిన ప్రతివాడి ఒంట్లోంచి నిప్పురవ్వలు లేచి సమురాయ్ చేతిలోకి వచ్చి చేరేవి. దారిలో ఒక రాతిదీపం కనిపించేది. అక్కడ ఆగితే ఆ రవ్వలిచ్చి కత్తికి సాన పట్టించుకోవచ్చు, ప్రాణం పెంచుకోవచ్చు, కొత్త అంగీలూ తీసుకోవచ్చు.

రాతిదీపం దగ్గర అధికారం అంతా మేనకోడలిదే.

"మామయ్యా, ఆ ఎర్రది! అంచుకి నల్ల పట్టీ ఉందే, అది!"

"నిన్ననేగా పసుపుది తీసుకున్నాం, మహారాణీ?"

"పసుపుది మాసిపోయింది."

"ఆటలో బట్టలు మాసిపోవే పిచ్చిదానా" అంటూనే మామయ్య మీట నొక్కేవాడు. సమురాయ్ ఒక చుట్టు తిరిగి నిలబడగానే ఎర్రంగీ అంచు గాల్లో లేచేది. ఆ పిల్ల కళ్లప్పగించి చూసేది. మర్నాడు పాత దినపత్రికలు అలాగే కత్తిరించి, గుండుసూదులు గుచ్చి, తన బొమ్మకు తొడిగేది.

మామయ్య మాత్రం కొట్లాటలో చావుదెబ్బలు తినేవాడు. వంతెన మీద బల్లెం పట్టుకుని ఒకడుండేవాడు. వాడి చేతిలో ఇరవై మూడు సార్లు చచ్చాడు. బొటనవేలు బొబ్బ ఎక్కితే దానికి కరెంటు పనికి వాడే నల్ల టేపు చుట్టుకుని ఇరవై నాలుగోసారి కూర్చున్నాడు. పిల్ల మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది. "నీకు ఆడటం రాదు మామయ్యా!" ఆసారి మాత్రం మామయ్య వాణ్ణి ఎలాగో పడగొట్టి వంతెన దాటాడు.

అమ్మ కోలుకుని ఇంటికొచ్చింది. యంత్రం తాలూకు మనిషి వచ్చి దాన్ని పట్టుకెళ్లాడు. కానీ ఆ నవ్వులాట మాత్రం ఇంట్లో ఉండిపోయింది. చుట్టాలు నలుగురు చేరితే చాలు, ఆమె ఆ వంతెన కథ ఎత్తుకునేది. బల్లెం తగిలి మామయ్య ఎలా ఎగిరి నీళ్లలో పడ్డాడో చేతులు తిప్పి చెబితే అందరూ కడుపుబ్బ నవ్వేవారు. మామయ్య పెళ్లిలోనూ చెప్పింది. అత్తయ్య కూడా నవ్వింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ కథకు గిరాకీ తగ్గలేదు.

లైట్లాయన అన్నట్టే మర్నాడు మధ్యాహ్నం రిహార్సల్ హాల్లో టేపక్క మొదటిసారి తన చేత్తో కత్తి పట్టింది. ఐదారుసార్లు చచ్చాక మీట ఎప్పుడు నొక్కాలో కాస్త పట్టుబడింది. ముగ్గురు దొంగల్ని పడగొట్టి, రొప్పుతూ రాతిదీపం దగ్గరికొచ్చింది. తెర మీద వరసగా అంగీలు కనిపించగానే ఎర్రదాని మీదికి వేలు పోయింది.

"ఆగాగు అక్కా! ముందు కత్తికి సాన పట్టించు" అన్నాడు లైట్లాయన.

"అదీ తీసుకుంటాను, ఇదీ తీసుకుంటాను."

"రెండూ ఎలా వస్తాయి? ఉన్నది ఒకటే మూట. అంగీ కొన్నావంటే కత్తి తుప్పుదే, ప్రాణం వేలెడంతే."

టేపక్క అతని వైపు తిరిగింది. "పాత ఆటలోనూ అంతేనా?"

"అందులో ఇంకా ఘోరం. ఒక్క అంగీకి పోసే రవ్వలతో రెండుసార్లు సాన పట్టించుకోవచ్చు. ఆట మొత్తం గెలిచి, ఇక రవ్వలతో పనిలేదనుకున్నాకే ఎవరైనా అంగీల జోలికెళ్లేవాళ్లు. మధ్యలో కొనేవాడికి బుర్ర లేదని లెక్క. మీ ఇంట్లో ఎన్ని కొన్నారేంటి?"

"ఆరు. వంతెన మీద బల్లెంవాణ్ణి పడగొట్టేలోపే" అంది ఆమె.

"ఆరా? వంతెన దాటకముందే?" లైట్లాయన ముక్కున వేలేసుకున్నాడు. "ఆ తుప్పు కత్తితో బల్లెంవాణ్ణి పడగొట్టారా? ఎవరక్కా ఆడింది? మా వీధిలో ఎవరి వల్లా కాలేదది."

"మా మామయ్య" అంది ఆమె. మీటల పెట్టె అతనికిచ్చేసి దుస్తుల గదికి వచ్చింది. నీలం అంగీ ముందు స్టూలు మీద కూర్చుని ఆ ఆరు అంగీల రంగులూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే అమ్మను వెంటబెట్టుకుని మామయ్య ఇంటికెళ్లింది. మామయ్య ఇప్పుడు దుకాణం మూసేశాడు. చేతులు ఊరుకోక వరండాలో ఒక మిక్సీ విప్పుకుని కూర్చున్నాడు.

"ఏంటే అమ్మడూ, ఫోనైనా చేయకుండా?"

"మామయ్యా, అంగీలు కొంటే కత్తి బలం పెరగదని నీకు తెలుసా అప్పట్లో?"

ఏ కత్తి, ఏ అంగీ అని ఆయన అడగలేదు. స్క్రూడ్రైవరు పక్కన పెట్టి నీళ్లు నమిలాడు. "ఏమో, ఎప్పటి మాటో. నాకేం గుర్తుంటుంది?"

"బొబ్బకు టేపు చుట్టుకున్నది నీకు గుర్తుండదా? మామయ్యా, మాట దాటేయకు."

"తెలుసులే" అన్నాడు చివరికి. "అక్కడ రాసే ఉంటుంది కదా."

"మరి చెప్పొచ్చు కదా! ఇన్నేళ్లూ నీకు ఆడటం రాదని ఊరంతా టముకు వేశాను. పెళ్లిలో కూడా నీ పరువు తీశాను."

"బాగా చెప్పేదానివి. నాకే నవ్వొచ్చేది." మామయ్య కళ్లజోడు తీసి బనీనుతో తుడుచుకున్నాడు. "వచ్చిన మొదటి వారం నువ్వు అన్నం ముట్టలేదు. పడుకునే ముందు అమ్మెప్పుడొస్తుంది, అమ్మెప్పుడొస్తుంది అని ఒకటే గోల. నాకేం తెలుసని చెప్పను? డాక్టర్లే నోరు విప్పడం లేదు. ఆ పసుపంగీ వచ్చిన రోజు మాత్రం నువ్వు ఒక్కసారీ అడగలేదు. రేపు ఏ రంగు అన్నావు. అంతే, నాకు దారి దొరికింది. కత్తిదేముంది, రెండు దెబ్బలు ఎక్కువ కొట్టుకోవాలి."

టేపక్క ఆయన పక్కన నేల మీద చతికిలబడి ఆ చెయ్యి పట్టుకుంది. ఆయన ఇబ్బందిపడి, "చేతికి గ్రీజుంది, నీ బట్టలు పాడవుతాయే" అన్నాడు.

అంతదాకా గుమ్మంలో నిలబడి విన్న అమ్మ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒరేయ్, ఇదంతా నాకెందుకు చెప్పలేదురా?"

"ఏం చెప్పను అక్కా? నీ కూతురు చదువు మానేసి ఆటలాడుతోందని చెప్పనా? మంచం దిగి వచ్చి తన్నేదానివి."

అమ్మ నవ్వింది. ఆ తర్వాత కుర్చీ తమ్ముడి వైపు జరుపుకుంది. "ఒక్కసారి దీన్ని వార్డుకు తెచ్చావు, గుర్తుందా? నా మంచం మీద కూర్చుని గంటసేపు ఎర్రంగీ, నల్ల పట్టీ, కొంగ రెక్కలు, ఇవే కబుర్లు. అమ్మా, ఎలా ఉన్నావు అని ఒక్క మాట లేదు. మీరెళ్లాక ఏడ్చానురా. నన్ను మరిచిపోయిందనుకున్నాను."

"అమ్మా…" అంది టేపక్క.

"ఉండవే, చెప్పనీ. తర్వాత నర్సమ్మ మందు వేయడానికొచ్చింది. ఎందుకమ్మా ఏడుస్తున్నావు అంది. ఆవిడకు చెబుతుంటే నాకే తట్టింది. నేను లేకుండా కూడా నా పిల్ల నవ్వుతోందంటే ఎవరో దాన్ని బాగా చూసుకుంటున్నట్టే కదా. ఇక దిగులెందుకు? అన్ని రోజుల్లో మొదటిసారి ఆ పూట పెట్టిన గంజి మొత్తం తాగాను."

మామయ్య తల వంచుకుని మిక్సీ లోపల లేని దుమ్మును ఊదసాగాడు. లోపల్నుంచి అత్తయ్య, "అందరూ అక్కడే కూర్చుండిపోయారేం? వంకాయలు తరిగే దిక్కు లేదిక్కడ!" అని కేకేసింది. అమ్మే ముందు లేచి, కొంగు దోపుకుని, తమ్ముడి తల మీద చెయ్యి ఒక్క క్షణం ఉంచి లోపలికి వెళ్లింది.